ఎవరు తెచ్చిపెట్టిన బీపీ?

‘‘బీపీ తెచ్చుకుంది.’’ మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో గర్భిణుల గురించి ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అత్తగారు అంటుంది, భర్త అంటాడు, పక్కింటావిడ అంటుంది, ఆశా కార్యకర్త అంటుంది, డాక్టరమ్మా అంటుంది. ఒక్కోసారి కడుపుతో ఉన్న మనిషే తల వంచుకుని ‘‘నేనే తెచ్చుకున్న మేడం’’ అంటుంది. జ్వరం వస్తుంది, జలుబు చేస్తుంది, కామెర్లవుతాయి. బీపీని మాత్రం ఆమె తెచ్చుకుంటుంది, అంగడికి పోయి సంచిలో వేసుకొచ్చినట్టు.

నేను వైద్యురాలిని కాను. సాహిత్యంలో పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నదాన్ని. కొన్నేళ్లుగా నగరానికి ఉత్తరాన ఉన్న ఈ ఊళ్లల్లో స్త్రీలు తమ కాన్పుల గురించి చెప్పే మాటల్ని వింటూ, రాసిపెడుతూ ఉన్నాను. మాటల్ని పట్టించుకోవడమే నా పని కాబట్టి ఈ ‘కొను’ దగ్గర ఆగిపోయాను. క్రియకి ‘కొను’ చేరితే ఆ పని ఫలితం చేసినవాళ్లకే చెందుతుందని మనందరం బడిలో చదివిందే. వండింది వేరు, వండుకుంది వేరు. గర్భిణి రక్తపోటు గురించి జరిగే సంభాషణంతా ఈ ‘కొను’తోనే నడుస్తుంది. బరువు పెంచుకుంది. చూపించుకోలేదు. మాత్రలు వేసుకోలేదు. పట్టించుకోలేదు. ప్రాణం మీదికి తెచ్చుకుంది. ఆమె తప్ప మరో కర్త లేని వాక్యాలివి.

వైద్యశాస్త్రం దగ్గర ఒక జాబితా ఉంది. దాన్ని ‘రిస్క్ ఫ్యాక్టర్స్’ అంటారు. ఎవరికి ముప్పు ఎక్కువో ముందే గుర్తించి, వాళ్లను ఎక్కువ శ్రద్ధగా చూడటానికి తయారుచేసిన జాబితా అది. దానితో నాకు తగాదా లేదు. అది ఆసుపత్రి గోడ దాటి ఇంట్లోకి, ఇంట్లోంచి ఆమె మనసులోకి చేరేసరికి నేరారోపణ పత్రంగా మారిపోతున్నందుకే నా తగాదా. ఎవరిని ఎక్కువ చూసుకోవాలో చెప్పాల్సిన కాగితం, ఎవరిని తిట్టాలో చెప్పే కాగితమైంది. తిట్లు పడతాయని తెలిసిన మనిషి తలనొప్పిని దాచిపెడుతుంది. ఈ జబ్బులో తలనొప్పిని దాచిపెట్టడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే.

ఏమిటీ జబ్బు? 20 వారాలు నిండాక కొత్తగా పై అంకె 140కి గానీ, కింది అంకె 90కి గానీ చేరితే దాన్ని గర్భంతో వచ్చిన రక్తపోటు అంటారు. దానికి తోడు మూత్రంలో ప్రోటీను పోవడమో, కిడ్నీ, కాలేయం, మెదడు వంటివి దెబ్బతింటున్న గుర్తులో కనిపిస్తే ప్రీఎక్లాంప్సియా. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. 2014లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ విశ్లేషణ ప్రకారం ప్రపంచంలో గర్భిణుల, బాలింతల మరణాల్లో దాదాపు 14 శాతం ఈ రక్తపోటు జబ్బుల వల్లే. చాలామందికి మొదట్లో ఏమీ తెలియదు. నొప్పి లేదు, జ్వరం లేదు. పట్టీ కట్టి కొలిస్తే తప్ప బయటపడదు.

పేర్ల సంగతి చూడండి. ఎక్లాంప్సియా అనే మాటకు గ్రీకు మూలంలో మెరుపు అని అర్థం. మన పెద్దవాళ్లు దాన్ని గుర్రపువాతం అన్నారు. మెరుపూ, గుర్రమూ రెండూ బయటినుంచి మీదపడేవే. ఆ పేర్లలో భయం ఉంది గానీ నింద లేదు. నింద శాస్త్రం పేరుతోనే వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఈ జబ్బును ‘టాక్సీమియా’ అన్నారు, అంటే ఆమె రక్తంలో విషం ఉందని. ఆ విషం కోసం దశాబ్దాలు వెతికారు. చివరికి వెతుకులాట మాయ దగ్గరికి చేరింది. గర్భం తొలి నెలల్లో మాయకు రక్తం అందించే నాళాలు సరిగా విచ్చుకోకపోతే, తర్వాతి నెలల్లో ఆ మాయ నుంచి కొన్ని ప్రోటీన్లు ఎక్కువగా వెలువడి తల్లి రక్తనాళాలను దెబ్బతీస్తాయి. 2003లో అమెరికాలో అనంత్ కరుమంచి బృందం అలాంటి ఒక ప్రోటీనును గుర్తించింది. అంటే లక్షణాలు ఏడో నెలలో కనిపించినా, కథ మూడో నెలకి ముందే మొదలైపోయి ఉంటుంది. అప్పటికి ఆమె ఏ ఊరగాయా ఎక్కువ తినలేదు, ఎవరి మాటా జవదాటలేదు.

మాయ గురించి ఇంకో సంగతి. అది తల్లి ఒక్కదాని సొత్తు కాదు. బిడ్డతోపాటే తయారవుతుంది కాబట్టి అందులో తండ్రి జన్యువులూ ఉంటాయి. 1998లో నార్వే జననాల రికార్డులను పరిశీలించి ఒక విషయం కనిపెట్టారు. ఒక స్త్రీకి ప్రీఎక్లాంప్సియా వచ్చిన గర్భానికి తండ్రి అయిన మగవాడు మరో స్త్రీ ద్వారా తండ్రి అయితే, ఆ రెండో స్త్రీకి కూడా ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు రెట్టింపు ఉంది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో చేసిన అధ్యయనం మరో మాట చెప్పింది. తన తల్లికి ప్రీఎక్లాంప్సియా ఉన్న కాన్పులో పుట్టిన మగవాడి భార్యకూ ముప్పు ఎక్కువే. ఇప్పుడు ఏ ఆసుపత్రి కేసు షీటైనా తీసి చూడండి. కుటుంబ చరిత్ర అనే చోట ‘‘మీ అమ్మకి బీపీ ఉండేదా? మీ అక్కకి?’’ అని అడుగుతారు. మీ అత్తగారికి మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు బీపీ ఉండేదా అని అడిగినవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు. వంశం, గోత్రం, ఇంటిపేరు, ఆస్తి, చివరికి బిడ్డ ముక్కు కూడా తండ్రివైపు నుంచి వస్తాయి. బీపీ మాత్రం పుట్టింటి సారెగా వస్తుంది!

ఇక జాబితాలోకి వెళదాం. అందులో మొదటివరసలో ఉండేవి తొలిచూలు, కవలలు, ముందు కాన్పులో ఇదే జబ్బు, పాత రక్తపోటు, చక్కెర, కిడ్నీ జబ్బు, లూపస్ లాంటివి. ఇవేవీ ఎవరూ ఎంచుకునేవి కావు. తొలిచూలు ఒక ముప్పు అంటే, తల్లయ్యే ప్రతి స్త్రీ ఒకసారి ఆ ముప్పులోంచి నడిచే వస్తుందని అర్థం. ఆడదానికి కాన్పు పునర్జన్మ అన్న సామెత ఊరికే పుట్టలేదు.

తర్వాత వయసు. ఇరవై దాటనివాళ్లకీ, ముప్ఫై అయిదు దాటినవాళ్లకీ జాగ్రత్త ఎక్కువ కావాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఈ అమ్మాయిలు వయసును ‘తెచ్చుకున్నారా’? రెండో అంచున మనలాంటివాళ్లున్నాం. ముప్ఫై అయిదో ఏట నేను తొలిసారి గర్భవతినైనప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా ఫైలు మీద ‘ఎల్డర్లీ ప్రైమి’ అని రాశారు. తొలిచూలు ముసలమ్మ అన్నమాట. దాని కింద ‘ప్రెషస్ ప్రెగ్నెన్సీ’ అని రాశారు. అంటే మిగతావాళ్ల గర్భాలు విలువలేనివా? బీపీ చూసి డాక్టరుగారు ‘‘చదువులంటూ ఆలస్యం చేసుకున్నారు’’ అన్నారు. శామీర్‌పేటలో పంతొమ్మిదేళ్ల పిల్ల ‘తొందరపడింది’, నేను ‘ఆలస్యం చేసుకున్నాను’. సరైన వయసులో సరిగ్గా గర్భం దాల్చిన ఆ ఆదర్శ స్త్రీ ఎవరో, ఎక్కడుందో నాకు ఇంతవరకు కనపడలేదు. సంతానం కోసం ఒత్తిడి తట్టుకోలేక ఐవీఎఫ్‌కి వెళ్లినవాళ్ల సంగతి ఇంకోరకం. ఐవీఎఫ్ కూడా, దానివల్ల వచ్చే కవలలు కూడా ఇదే జాబితాలో ఉన్నాయి. ‘ఇంకా ఏమీ విశేషం లేదా’ అని ఏళ్లతరబడి అడిగిన బంధువర్గం మాత్రం ఏ జాబితాలోనూ లేదు.

తర్వాత బరువు. అదే సర్వేలో తెలంగాణ స్త్రీలలో 30.1 శాతం మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. 18.8 శాతం మంది ఉండవలసినంత బరువు లేరు. ఒకే రాష్ట్రంలో, కొన్నిసార్లు ఒకే వీధిలో ఈ రెండూ ఉన్నాయంటే ఇది తిండిపోతుతనం కథ కాదు. పొలాలు వెంచర్లుగా మారి, చెలకల్లో పప్పూ జొన్నా పోయి, రేషను బియ్యం, టీ, బిస్కెట్లు మిగిలిన ఊళ్ల కథ. కాల్షియం లోపం ఉన్న చోట ఈ జబ్బు ముప్పు ఎక్కువని తెలుసు. పాలూ పెరుగూ ఇంట్లో చివరగా ఎవరి కంచంలోకి వస్తాయో మనకి సర్వే చెప్పనక్కర్లేదు.

నేను కలిసిన స్త్రీలందరికీ అందరూ చెప్పిన సలహాలు రెండు: ఉప్పు మానెయ్, రెస్టు తీసుకో. ఒకావిడ నాతో అంది: ‘‘ఉప్పు లేకుంట మూడు నెల్లు తిన్న అక్కా. సప్పగ ఉంటె ముద్ద దిగకపోయేది. అయినా బీపీ తగ్గలే. నువ్వు చాటుకు తింటున్నవ్ అన్నడు మా ఆయన.’’ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన సిఫారసులు చదివితే ఆమె కోసం నాకు కడుపు రగిలిపోయింది. ప్రీఎక్లాంప్సియా రాకుండా ఉండటానికి గర్భిణులకు ఉప్పు తగ్గించమని చెప్పడాన్ని ఆ సంస్థ సిఫారసు చెయ్యలేదు. ఇంటిపట్టున విశ్రాంతి తీసుకొమ్మనడాన్నీ నివారణ మార్గంగా సిఫారసు చెయ్యలేదు. ఇవి ఈ జబ్బును ఆపుతాయని తగిన రుజువులు లేవు. మరి ఎందుకింత గట్టిగా నిలబడ్డాయి ఈ సలహాలు? ఎందుకంటే ఇచ్చేవాళ్లకి ఖర్చు లేదు. పాటించలేకపోతే తప్పు ఆమెదే అవుతుంది. పాటించినా ఫలితం రాకపోతే, చాటుగా తిన్నావనొచ్చు. ఆమె నోటినీ, నడకనీ కాపలా కాసే పాత అలవాటుకు ఇది వైద్యం తొడిగిన కోటు.

వీటికి మూడో తోడు ‘టెన్షన్ పెట్టుకోకు’. ఇందులో మనం కూడా భాగస్వాములం. రచయిత్రులం కాబట్టి ఇంటి హింసనూ మనసు ఒత్తిడినీ తెచ్చి దీనికి కారణంగా చూపించడం మనకి సులువు. హింసకి వ్యతిరేకంగా మాట్లాడటానికి బీపీ సాక్ష్యం అక్కర్లేదు, అది దానంతటదే నేరం. మాయలో మొదలైన జబ్బును మనసు మీదికి నెట్టేస్తే, మళ్లీ ఆమె తన మనసును తాను సరిదిద్దుకోలేదనే నింద మిగులుతుంది.

మరి పనిచేసేవి ఏవి? ఉన్నాయి. అవన్నీ ఆమె గుణగణాల మీద కాకుండా ఆమెకు అందే సేవల మీద ఆధారపడినవి కాబట్టే వాటి గురించి తక్కువ మాట్లాడతారు.

మొదటిది కొలవడం. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకి ఆసరా ఇచ్చి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, చేతికి సరిపడే పట్టీ కట్టి కొలవాలి. ఎక్కువొస్తే మళ్లీ కొలవాలి. నేను వెళ్లిన ఒక కేంద్రంలో పొద్దున వచ్చినవాళ్లంతా వరసలో నిలబడే ఉన్నారు. వంతు రాగానే కూర్చున్నదే తడవుగా చీర భుజం మీదనుంచే పట్టీ చుట్టారు. అంకె కార్డు మీద పడింది. ‘‘ఎంతుంది సిస్టర్?’’ అని అడిగితే ‘‘నీకెందుకమ్మా, డాక్టర్ చూస్తరు’’ అని జవాబు. తన ఒంట్లో ఉన్న అంకెను తనకే చెప్పని చోట ‘పట్టించుకోలేదు’ అనే మాట ఎవరికి వర్తిస్తుంది?

రెండోది కాల్షియం. గర్భిణులకు 14వ వారం నుంచి కాన్పయ్యాక ఆరు నెలల దాకా రోజుకు రెండు పూటలా కలిపి ఒక గ్రాము కాల్షియం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. దాన్ని ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి. రెండు మాత్రలూ ఒకే కాగితంలో పొట్లం కట్టి ‘రోజూ వేసుకో’ అని పంపేస్తే, ఆమె అన్నం తినగానే రెండూ కలిపి మింగుతుంది. మూడోది తక్కువ మోతాదు ఆస్పిరిన్. ముప్పు ఎక్కువున్నవాళ్లకి డాక్టరు సలహాతో దాన్ని 20 వారాల లోపే, వీలైతే మూడో నెల చివర్లోనే మొదలుపెట్టాలి. 2017లో వెలువడిన ఆస్ప్రే అధ్యయనంలో ముప్పు ఎక్కువున్న స్త్రీలకు 11-14 వారాల మధ్య ఆస్పిరిన్ మొదలుపెడితే, నెలలు నిండకముందే ముదిరే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. అయితే దిష్టి తగులుతుందని మూడు నెలలు గడిచేదాకా బయటపెట్టని ఇళ్లలో ఆమె పేరు నమోదయ్యేసరికే ఆ గడువు సగం దాటిపోతుంది. నాలుగోది ఫిట్స్ రాకుండా, వచ్చినవి తిరగబెట్టకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో చేసిన మాగ్‌పై పరిశోధనలో అది ఎక్లాంప్సియా ముప్పును సగానికి పైగా తగ్గించింది. పాత మందు, చవకైన మందు. చివరిది సరైన సమయంలో కాన్పు చెయ్యడం, ఎందుకంటే మాయ బయటికొస్తే తప్ప ఈ జబ్బు తగ్గుముఖం పట్టదు.

ఇప్పుడు ఈ అయిదింటినీ పట్టుకుని ఈ రెండు మండలాల మ్యాపు మీద నడవండి. శామీర్‌పేట పక్కన తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. ప్రపంచానికి టీకాలు ఇక్కడినుంచి వెళతాయి. 2005లో మొదలైన 108 అంబులెన్సుల సంస్థ కేంద్ర కార్యాలయం మేడ్చల్ దారిలో దేవరయాంజాల్‌లోనే ఉంది. మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఉంది. 2009 నుంచి షేర్ ఇండియా సంస్థ, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం కలిసి ఈ మండలం పల్లెల్లోనే ‘లైఫ్’ అనే అధ్యయనం చేపట్టి, 15-35 ఏళ్ల వివాహితలు పన్నెండు వందల మందికి పైగా స్త్రీలను గర్భానికి ముందునుంచో, తొలి వారాలనుంచో గమనిస్తూ వచ్చాయి. గర్భం కథ గర్భానికి ముందే మొదలవుతుందని ఒప్పుకున్న అధ్యయనం అది. అంటే విజ్ఞానం ఎక్కడో దూరదేశంలో లేదు. ఊరి పొలిమేరలోనే ఉంది. పొలిమేర దాటి ఆమె గుమ్మం ఎక్కడమే మిగిలింది.

ఆ గుమ్మంలో ఎవరున్నారో చూద్దాం. మేడ్చల్ పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పనిచేసే ఒకమ్మాయి తన ఆరో నెల సంగతి నాకు చెప్పింది. కాంట్రాక్టరు కింద పని. సెలవు పెడితే కూలి పోతుంది. పరీక్షల రోజున పోతే మధ్యాహ్నం దాకా వరసలో ఉండాలి, అంటే రోజు కూలి మొత్తం పోయినట్టే. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి జీతంతో సెలవును 26 వారాలకు పెంచినప్పుడు మనలాంటి ఉద్యోగినులం సంబరపడ్డాం. ఆమె పేరు ఏ హాజరు పుస్తకంలో ఉందో ఆమెకే తెలియదు. 2015లో రాష్ట్రంలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, పూట భోజనం పెట్టడం మొదలుపెట్టారు. మంచి పథకం. కానీ కేంద్రానికొచ్చి తినాలన్నారు, మధ్యాహ్నం పూట ఆమె షిఫ్టులో ఉంటుంది. నగరం చుట్టూ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే స్త్రీల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. వాళ్ల భాషలో ఆ అంకెను చదివిపెట్టే మనిషే దొరకదు.

ఇంకో గుమ్మం తల్లిగారిల్లు. మనం ఎంతో ఆప్యాయంగా చెప్పుకునే ఆచారం ఇది. తొలి కాన్పుకు ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకుపోతారు. ఈ జబ్బు ఎక్కువగా తలెత్తేదీ ఆ చివరి నెలల్లోనే. అప్పటిదాకా శామీర్‌పేటలో ఆమెను చూసిన సిస్టరమ్మకు ఆమె కనపడకుండా పోతుంది. సిద్దిపేటలోనో మెదక్‌లోనో కొత్త ఆశమ్మకు ఆమె ముందు అంకె తెలియదు. మునుపు 100 ఉండి ఇప్పుడు 136 ఉందంటే శ్రద్ధ పెట్టాల్సిన సంగతి. పాత కార్డు అత్తగారి బీరువాలో ఉండిపోతే 136 మామూలు అంకెలాగే కనపడుతుంది. ‘‘మొఖం, చేతులు ఉబ్బినయ్ అంటే నీరు గుంజింది, కాన్పు దగ్గరికొచ్చింది అన్నరు’’ అని ఒకామె చెప్పింది. ఆమె బతికింది. ఆమె బిడ్డ బతకలేదు. ఆచారాన్ని మానెయ్యమని నేననను. అలసిన ఆడపిల్లకి అమ్మ చేతి అన్నం అవసరమే. సారెతో పాటు కార్డు కూడా పోవాలనీ, ఆమె పోయే ఊరికి ఆమెకంటే ముందే కబురు పోవాలనీ అంటాను.

ఇక్కడ మనలో ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. వైద్యం చేతుల్లో స్త్రీ శరీరం ఎలా నలిగిందో స్త్రీవాదం చెప్పింది కదా, మళ్లీ యంత్రాల్నీ సూదుల్నీ అడగడమేమిటని. అభ్యంతరంలో నిజముంది. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో అదే అత్యధికం. ప్రైవేటులో అది 81.5 శాతం. అవసరం లేని కోతలకు వ్యతిరేకంగా మాట్లాడాల్సిందే. కానీ అవసరమైన కొలత అందని స్త్రీ, అవసరం లేని కోత పడ్డ స్త్రీ ఇద్దరూ ఒకే వ్యవస్థ బాధితులు. కత్తి దగ్గర అంత చురుగ్గా ఉన్న వ్యవస్థ పట్టీ దగ్గర ఎందుకంత బద్ధకిస్తుంది? కొలవడంలో లాభం లేదు కాబట్టి. రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20లో 43కి తగ్గాయి. దేశ సగటు అప్పుడు 97. దీన్ని చూసి తృప్తిపడేవాళ్లకి ఒక మాట: ఆ 43లో చేరకుండా, ఐసీయూ దాకా వెళ్లి బతికొచ్చినవాళ్లను, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లను ఆ అంకె లెక్కపెట్టదు.

1991లో హైదరాబాదు స్త్రీలు ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం తెచ్చినప్పుడు మన శరీరం గురించి మనమే చదివి, మనమే చెప్పుకోవచ్చనే ధైర్యం వచ్చింది. ఆ తర్వాత మన కవిత్వం, కథ కాన్పు నొప్పిని రాశాయి, గర్భస్రావాన్ని రాశాయి, మాతృత్వపు కీర్తికిరీటాన్ని తీసి కింద పెట్టాయి. గొప్ప పనే. అయితే ఆ సాహిత్యంలో గర్భం ఎక్కువగా అనుభవంగా, ప్రతీకగా వచ్చింది. ఒక అంకెగా, ఒక మాత్రగా, వరసలో నిలబడ్డ ఒక పూట కూలిగా తక్కువ వచ్చింది. 140/90 కవితా వస్తువు కాదని ఎవరన్నారు?

కాన్పుతో కథ ముగిసిందనుకోవడం మరో తప్పు. ఈ రక్తపోటు, ఫిట్స్ కూడా, కాన్పయిన తర్వాత ఆరు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. అప్పటికి అందరి కళ్లూ ఉయ్యాల మీద ఉంటాయి. బాలింత తల పగిలిపోతోందంటే చలిగాలి తగిలిందంటారు, చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కడతారు. అంతేకాదు, ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు సుమారు రెట్టింపు. నలభై అయిదో ఏట గుండెనొప్పితో వచ్చిన స్త్రీని ‘నీ కాన్పుల్లో బీపీ ఉండేదా’ అని ఎంతమంది అడుగుతారు? తల్లిగా పనికొచ్చినంతకాలం ఆమెకు కార్డుంటుంది. మనిషిగా మిగిలాక ఉండదు.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. కొలిచిన ప్రతిసారీ ఆ అంకెను ఆమెకు చెప్పాలి, దాని అర్థం ఆమె భాషలో చెప్పాలి. పరీక్షల రోజుకు కాంట్రాక్టు కూలీకి కూడా కూలి కట్టివ్వాలి. తండ్రివైపు చరిత్రకు కేసు షీటులో ఒక గీత గియ్యాలి. ఆమె ఊరు మారితే ఆమె రికార్డు కూడా మారాలి. కాన్పయ్యాక ఆరు వారాల దాకా, ఆ తర్వాత ఏడాదికోసారి ఆమెకు పట్టీ కట్టే మనిషి ఉండాలి. వదలని తలనొప్పి, కళ్లముందు మెరుపులు, మసకలు, కుడి డొక్క పైన నొప్పి, ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బడం, ఊపిరాడకపోవడం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలని ఆమెకే కాదు, అత్తగారికీ, భర్తకీ తెలియాలి. మనం నడిపే తరగతుల్లో, రాసే కథల్లో, పెళ్లిపేరంటాల కబుర్లలో ఈ మాటలకు చోటుండాలి.

ఇకముందు ఎవరైనా ‘బీపీ తెచ్చుకుంది’ అంటే ఊరుకోవద్దు. ఎక్కడినుంచి తెచ్చుకుంది, ఎవరిచ్చారు, ఎవరు కొలిచారు, కొలిచి ఎవరికి చెప్పారు అని వరసగా అడుగుదాం. జవాబు చెప్పడం మొదలుపెట్టిన వాక్యంలో ఆమె కాకుండా ఇంకెవరో కర్తగా వచ్చి తీరతారు.